మడవని ఫారం

ఆ బైండరు ఎన్ని పుస్తకాలు కుట్టాడో లెక్కలేదు గానీ, ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. అక్షరాలతో ఆయనకేం పని? అంచులు సమానంగా ఉంటే చాలు. పెళ్లయ్యాక అత్తవారింటికే ఇల్లరికం వచ్చి, వీధి గదిలో దారమూ, సూదీ, జిగురు గిన్నే పెట్టుకుని స్థిరపడ్డాడు. మనిషి బంగారం. కాకపోతే ఒకటే భయం, ఈ ఇంట్లోవాళ్లు ఏదో ఒకరోజు తనను పొమ్మంటారని. మామగారు గట్టిగా దగ్గినా తన మీద విసుగేమోనని హడలిపోయేవాడు.

అలాంటివాడి బల్ల మీదికి ఓ పొద్దున బావమరిది రాసిన నవల అచ్చయి వచ్చింది. అందులో ఎవరికీ పేర్లుండవట, కథ ముందుకీ వెనక్కీ పోతుందట. ఈ కాలపు నవలంటే అదేనట! ఏం కాలమో, ఏం నవలలో! సొంతవాడి పుస్తకం కదా అని ముచ్చటపడి, మన బైండరు ఒక ఫారం విప్పి పరిచాడు. ఫారమంటే పదహారు పేజీలు కలిపి అచ్చువేసిన పెద్ద కాగితం. మడిచి కోస్తేనే పేజీలు వరసలోకి వస్తాయి.

'ఆ ఇంట్లో ఒక పరాయివాడు ఉన్నాడు. అందరితో పాటే తింటాడు, ఎవరికీ ఏమీ కాడు' అని ఒక పేజీ అడుగున ఉంది. చూపు పక్క పేజీ మీదికి జారింది. 'అతని చేతులు ఎప్పుడూ జిగురు వాసన వేస్తాయి.' ఆ పక్కన, 'రేపు అతను వెళ్లిపోతాడు. ఆపేవాళ్లెవరూ లేరు.'

బైండరుకు ముచ్చెమటలు పోశాయి. ఇన్నాళ్లూ భయపడ్డదే అచ్చులో కనబడింది. తలుపు దగ్గరికి వచ్చిన భార్య ఆ ముఖం చూసి బెదిరిపోయింది.

"ఏవండీ, ఒంట్లో బాగాలేదా?"

"మీరంతా కలిసే అనుకున్నారా? నువ్వు కూడానా?"

"ఏమనుకున్నాం? రాత్రికి కూరేం వండాలో కూడా ఇంకా అనుకోలేదు!" అంటూ ఆవిడ విసుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన సూదులు ఏరి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. పొమ్మనిపించుకోవడం కంటే ముందే పోవడం నయం. అంతలో బావమరిది గదిలోకి వచ్చాడు.

"బావా, ఎక్కడికి?"

"నీ నవలలో రాశావుగా, వెళ్లిపోతానని! ముఖం మీద చెప్తే సరిపోయేదిగా, ఊరందరికీ అచ్చువేసి చెప్పాలా?" అన్నాడు బైండరు.

బావమరిది బల్ల మీది కాగితం కేసి చూసి నిర్ఘాంతపోయాడు. "మడవకుండా చదివావా? నువ్వా?"

బైండరు నాలుక కరుచుకున్నాడు. ఊళ్లో ఎవరు చేసినా తాను చేయకూడని తప్పు. గబగబా ఫారం మడిచి, కోసి, వరసగా చదివాడు. జిగురు చేతులవాడు ఒకరు, పరాయివాడు వేరొకరు. జిగురు చేతులవాడు నవ్విస్తే ఇల్లంతా నవ్వుతుంది. పరాయివాడు ఎదురుగా కూర్చుని ఆ నవ్వులు చూస్తూ అన్నం కలుపుకుంటాడు. ఆ పరాయివాడు ఆ ఇంటి కొడుకు.

"నీ మీద కోపం లేదు బావా," అన్నాడు బావమరిది నేలచూపులు చూస్తూ. "నువ్వొచ్చాకే నాన్న నవ్వడం చూశాను. నాతో ఎప్పుడైనా అలా నవ్వాడా? బయట గది చూసుకున్నాను. రేపు వెళ్తున్నా."

"పిచ్చివాడా, నిన్ను ఎవరు వెళ్లనిస్తారు? అత్తయ్యకి తెలిస్తే ఊరుకుంటుందా?"

వంటింట్లోంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

"అల్లుడుగారూ! వడ్డించేశాను, చల్లారిపోతుంది, రండి!"

ఇద్దరూ తలుపు కేసి చూశారు. కొడుక్కి కూడా ఇంకో పిలుపు వస్తుందేమోనని బైండరు చెవులు రిక్కించాడు. రాలేదు.