లచ్చక్క నల్లా

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. ఎంత తేలిగ్గా ఉందో!

సూరత్‌ లింబాయత్‌లో మాది తెలంగాణ నుంచి వలస వచ్చినవాళ్ల మరమగ్గాల గల్లీ. పొద్దున కాసేపే నల్లా నీళ్లు. అవి ముందు నా తొట్టిలోకే రావాలని గల్లీ పైపుకు దొంగ మోటారు పెట్టించాను. మగ్గాల మోతలో దాని చప్పుడు ఎవరికీ వినబడదు. పక్కింటి లచ్చక్క నల్లా మాత్రం ఎండిపోయింది. ఆమె మురుగు కలిసిన బోరు నీళ్లు తాగింది, కూతురికి తాగించింది. ఆ పిల్ల కామెర్లతో దవాఖానాలో పడింది. బతికి బయటపడింది గానీ బడి మానేసింది.

మరి నేనేం చేశాను? రోజూ రెండు బిందెలు ఇచ్చాను. "నీ కడుపు సల్లగుండ" అని ఆమె దీవిస్తే తల వంచుకుని అందుకున్నాను. ఆమె నీళ్లే ఆమెకిచ్చి పుణ్యాత్మురాలినయ్యాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా?

ఏటా దీపావళికి మగ్గాలు ఆపి మేం ఊరికి పోతాం. అప్పుడు ఆమె నల్లాలో నీళ్లు వచ్చేవి. పండుగకు గంగమ్మ తనింటికి వస్తుందని ఆమె నమ్మకం. ఈసారి మేం పోలేదు. ఈ దీపావళి పొద్దున చూస్తే, నల్లాకు పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, తోమిన బిందెలు ముందేసుకుని కూర్చుంది లచ్చక్క. నా వేలు స్విచ్చి మీద ఉంది. నొక్కలేదు. జాలితోనా, లేక మగ్గాలు ఆగిన గల్లీలో మోటారు చప్పుడు బయటపడుతుందన్న భయంతోనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీళ్లు దూకాయి! "అచ్చిందే, గంగమ్మ అచ్చింది!" అంటూ తడి చేతులతో ఉరికొచ్చి నన్ను వాటేసుకుంది. ఆ సంతోషం నన్నూ ఊపేసింది. ఇక ఆగలేకపోయాను.

"గంగమ్మ కాదక్కా. నేను మోటారు బంద్ పెట్టిన. గిన్నేండ్లు నీ నీళ్లు గుంజుకున్నది నేనే."

ఆమె చేతులు జారిపోయాయి. "గట్లయితే నా బిడ్డకు కామెర్లు అచ్చింది గందుకేనా?"

అంటూనే వెనక్కి తిరిగి వెళ్లి, రెండు బిందెలు నిండా నింపి తెచ్చి నా గడప ముందు దించింది. నా మొహం చూడకుండా వెళ్లిపోయింది.

మోటారు పీకించేశాను. బిందెలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆ నీళ్లు ముట్టుకునే ధైర్యం నాకు లేదు. అయినా చెప్పేశాను. చెప్పేశాను కదా!