వంటింటి గోడమీద వరద గీత

నేను కాపురానికి వచ్చేసరికే ఆ గీత అక్కడుంది. వంటింటి నాలుగు గోడలకీ, సరిగ్గా నా గడ్డం ఎత్తున, స్కేలు పెట్టి ఎర్ర రంగుతో గీసిన గీత. ఏటిగట్టు తెగిన ఏడాది ఇంట్లోకి వచ్చిన నీళ్ళు అంతవరకూ నిలిచాయట. అందరి వంటిళ్ళలో గోడకి క్యాలెండరుంటుంది. మా ఇంట్లో వరద మట్టం ఉండేది.

గీసింది మా మావయ్యగారు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారాయన. ఉద్యోగమంతా గట్లకీ కాలవ లాకులకీ తూములకీ బొమ్మలు గీసిన మనిషి. వరద తీశాక ఇల్లు బాగుచేయించుకుంటూ, వంటింట్లో ఉన్న పాత గూళ్ళన్నీ పూడ్పించేశారు. సరుకులు పెట్టుకునే చెక్క అరలన్నీ ఆ గీతకి రెండడుగులు పైన కొట్టించారు. సరిగ్గా గీతమీదే కొట్టించకూడదా అని నేనోసారి అడిగాను. గట్టు కట్టేటప్పుడు ఎంత వరద వస్తుందని లెక్కేస్తారో, దానికి పైన ఇంకాస్త ఎత్తు వదులుతారట. దాన్ని ఫ్రీబోర్డు అంటారట. గోదావరికి వదిలినట్టే మా కందిపప్పుకీ వదిలారు.

ఆయన ఆరడుగుల మనిషి. "నాకు అందుతున్నాయి కదమ్మా," అనేవారు. వంట చేసేది ఆయనే అయితే ఆ మాటకి ఎదురు చెప్పేదాన్ని కాదు. చేసేది అత్తయ్యగారూ నేనూ. నేను అయిదడుగులు. ఆవిడ నా చెవి దాకా వస్తారు.

అందుకని స్టూలు. ఆ స్టూలూ వరద చూసినదే. నీళ్ళలో నాని కీళ్ళు వదులై, ఎక్కినప్పుడల్లా కాస్త ఊగేది. అత్తయ్యగారికి అరవై అయిదు దాటాయి, బీపీ ఉంది, మోకాళ్ళు మాట వినవు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, ఎడంచేత్తో అర అంచు పట్టుకుని ఎక్కేవారు. ఎక్కడం పరవాలేదు. దిగడమే. డబ్బాని పొట్టకి ఆనించుకుని, వెనక్కి చూడకుండా ఒక కాలు కిందికి చాపేవారు. ఆ కాలు గాల్లో నేలకోసం వెతుక్కుంటున్నంతసేపూ నేను రెండు చేతులూ చాచి వెనకే నిలబడేదాన్ని.

"మీరెక్కకండత్తయ్యగారూ, నన్ను పిలవండి."

"పోపులో ఆవాలకీ, మెంతులకీ నిన్ను పిలుస్తూ కూర్చుంటే ఇంక వంటెప్పుడవుతుందే? నువ్వు కాలేజీకి వెళ్ళాక ఎవర్ని పిలవను, ఎదురింటావిణ్ణా?"

"మావయ్యగారున్నారుగా."

"ఆయన పేపరు చదువుతారు."

"పేపరు మడత పెట్టొచ్చండీ. అదేం వరదకి కొట్టుకుపోదు."

"నీ నోటికి మాత్రం గట్టు లేదమ్మాయ్," అని నవ్వేవారు. నవ్వుతూనే మళ్ళీ ఎక్కేవారు.

పొద్దున్నే బయల్దేరేముందు ఆ రోజు వంటకి కావలసినవన్నీ దించి పొయ్యిగట్టుమీద పెట్టి వెళ్ళేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి అక్కడ ఒక్క డబ్బా ఉండేది కాదు. వాడిన వస్తువు వాడినట్టే పైకెళ్ళాలి, అది ఆ ఇంటి నియమం. వానాకాలంలో అంటే సరే అనుకోవచ్చు. కాలవలు కట్టేసి, అడుగున మట్టి బీటలు తీసి, పిల్లలు అందులో క్రికెట్ ఆడుకునే వైశాఖమాసంలో కూడా ఉప్పు డబ్బా అటకెక్కవలసిందే. ఆయన లేచి వెళ్ళి తనిఖీ చేసేవారు కాదు. ఆవిడే పెట్టేసేవారు. ఆయనకి కింద డబ్బా కనిపిస్తే మనసు బాగుండదట.

మా ఆయన ఉద్యోగం నర్సాపురంలో. శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవారు. చెబితే, "నాన్నగారితో నువ్వే మాట్లాడు, నీకు మాటలు బాగా వచ్చు," అన్నారు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఇంటినుంచి బస్సులో ముప్పావుగంట. బోర్డుమీద డిమాండు రేఖ గీస్తుంటే, కిందికి దిగే ఆ గీతమీద అత్తయ్యగారి కాలు కనిపించేది. అబద్ధం కాదు. మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు నేను ప్రశ్న అడగబోతున్నాననుకుని తలలు దించుకునేవారు. పదకొండింటికి ఇంటర్వెల్ గంట కొట్టగానే అందరూ టీకి వెళ్తే, నేను ఆఫీసు గదిలో ఫోను దగ్గరికి వెళ్ళేదాన్ని.

"ఏం చేస్తున్నారత్తయ్యగారూ?"

"ఏం చేస్తాను, నీ ఫోనెత్తుతున్నాను."

"స్టూలెక్కారా?"

"ఎక్కితే ఫోనెలా ఎత్తుతానే, తెలివిగలదానా!"

అయిదారుసార్లు మోగాక ఎత్తేవారు. ఆ గొంతు వినగానే మర్నాడు పదకొండింటిదాకా బతికిపోయాననిపించేది. రెండేళ్ళు అలా చేశాను. ఆఫీసులో గుమాస్తాగారు, "ఏమండీ మేడంగారూ, ఇంట్లో చంటిపిల్లలున్నారా?" అని అడిగితే, "ఆయ్, ఒకరున్నారండీ, అరవై ఆరేళ్ళు," అన్నాను.

ఒకరోజు ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి మావయ్యగారు ఎత్తారు. ఆయన ఫోనెత్తారంటేనే నాకు విషయం తెలిసిపోయింది.

"ఏం లేదమ్మా. మీ అత్తయ్య కాస్త పడింది. నువ్వేం కంగారు పడకుండా రా."

బస్సులో నిలబడే వచ్చాను, సీటున్నా కూర్చోలేదు. ఇంటికొచ్చేసరికి ఆవిడ హాల్లో మంచంమీద కూర్చుని, ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో దాన్ని పట్టుకుని ఉన్నారు, అది ఎవరిదో అన్నట్టు. నుదుటిమీద బొప్పి కట్టింది. వంటింటి నేలమీద ఆవాలు. ఆవాలు ఎంత దూరం వెళ్తాయో అప్పుడే చూశాను. మణికట్టు విరిగిందని డాక్టరుగారు పిండికట్టు వేశారు. తల తగిలినచోట ఇంకో అంగుళం అటయితే పొయ్యిగట్టు మూల తగిలేదని మాత్రం ఎవరూ అనలేదు. నేను కొలిచి చూసుకున్నాను.

రెండు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు ఆపుకోలేకపోయాను.

"మావయ్యగారూ, ఆ అరలు దింపించెయ్యండి. గోదావరి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఇంట్లో రోజూ రెండుపూటలా వండుతాం. ఎప్పుడో వచ్చే నీళ్ళకి రోజూ మనిషిని ఎక్కిస్తారా? సామానికి రెండడుగులు ఎక్కువ వదిలారు. ఆవిడకి ఎంత వదిలారండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "నీ ఫోను మోగకపోతే పడేది కాదమ్మా."

"మీరూరుకోండి," అన్నారు అత్తయ్యగారు.

"ఉన్న మాటేగా. అడుగు."

అడిగాను. ఆవిడ ముందు గొణిగారు, తర్వాత చెప్పారు. రోజూ పదకొండింటికి ఆవిడ స్టూలుమీదే ఉండేవారట. పప్పు ఉడికి పోపు పెట్టే వేళ అది. నా ఫోను మోగితే, ఎత్తకపోతే అమ్మాయి హడలిపోతుందని గబగబా దిగేవారట. ఆ రోజు ఒక కాలు నేలమీదికి రాకుండానే రెండోది తీశారు.

రెండేళ్ళపాటు ప్రతిరోజూ, ఆవిడ పడతారేమోనన్న భయంతో, ఆవిడ పడే అవకాశం ఉన్న నిమిషానికే గంట కొట్టాను.

అప్పుడు మావయ్యగారు, నన్ను దెప్పడానికి కాదన్నట్టు, వరద సంగతి చెప్పారు. నీళ్ళు పెరుగుతుంటే ఇద్దరూ పక్కింటి డాబామీదికి ఎక్కారట. కింద ఏడాది బియ్యం, పప్పులు, కొత్త ఆవకాయ జాడీలు, అన్నీ పోయాయి. రెండోరోజు పడవలో పులిహోర పొట్లాలు తెచ్చారు. అత్తయ్యగారు కొంగు పట్టారట.

"నలుగురికీ పెట్టిన చెయ్యమ్మా అది. కొంగు పట్టి పొట్లం పుచ్చుకుని, తినకుండా నాకిచ్చింది. ఇంకోసారి ఆ పని చేయించకూడదనుకున్నాను."

"ఆకలెయ్యక ఇచ్చాను. దానికింత కథ!" అన్నారు అత్తయ్యగారు. కానీ ఆయన వైపు చూడలేదు.

 

మర్నాడు ఆయన పాత పెట్టెలోంచి డ్రాయింగు సరంజామా తీశారు. మధ్యాహ్నానికి ఒక పెద్ద కాగితంమీద మా వంటిల్లు తయారైంది. గోడకి రెండు వరసల ఇనప బ్రాకెట్లు. పై వరస పాతదే. కింద ఇంకో వరస కొత్తది. చెక్కలకి మేకులుండవు, బ్రాకెట్లమీద ఊరికే ఆనుతాయి, జారకుండా అంచున ఒక గాడి. మామూలు రోజుల్లో చెక్కలూ సరుకులూ కింది వరసమీద. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలియగానే అన్నీ పై వరసకి.

వడ్రంగి కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇదేంటండీ బాబుగారూ, వంటింటికా, లాకుకా?"

"చెప్పినట్టు చెయ్యవయ్యా."

"ఆయ్, చేస్తానండి. కింద వరస ఎంతెత్తున కొట్టమంటారు?"

అక్కడ ఆగాం. గోదావరి ఎత్తు అంగుళాలతో సహా గోడమీదుంది. వంట చేసే మనిషి చెయ్యి ఎంతెత్తుకి అందుతుందో ఎవరికీ తెలియదు. నలభై అయిదేళ్ళ కాపురంలో ఎవరూ కొలవలేదు. అత్తయ్యగారిని గోడవైపు తిప్పి నిలబెట్టాం. పిండికట్టున్న చెయ్యి మెడలోని గుడ్డలో వేలాడుతుంటే, రెండో చెయ్యి పైకెత్తారు.

"ఇంకాస్త సాగు," అన్నారు మావయ్యగారు పెన్సిలు పట్టుకుని.

"సాగకూడదండీ," అన్నాను. "మడమలు నేలమీదుండాలి. మోచెయ్యి కాస్త వంగి ఉండాలి. బరువైన డబ్బా పట్టుకునే చెయ్యి అది, ఓటెయ్యడానికెత్తిన చెయ్యి కాదు."

"నన్నేంటిలా గొర్రెని కొలిచినట్టు!" అన్నారావిడ. సిగ్గుపడుతున్నారని నాకు అప్పుడర్థమైంది.

పెన్సిలు గుర్తు ఎర్ర గీతకి జానెడు పైన పడింది. అంటే అత్తయ్యగారికి హాయిగా అందే ఎత్తు, వచ్చిన వరదకి కూడా అందని ఎత్తే. రెండడుగులకి బదులు ఒక జానెడు వదిలుంటే ఇన్నేళ్ళు ఎవరూ ఎక్కే పనే ఉండేది కాదు. మావయ్యగారు ఆ గుర్తుని చూస్తూ నిలబడిపోయారు. నేను చూడనట్టు నటించాను.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో రేడియో చెప్పింది, మొదటి హెచ్చరిక ఇచ్చారని. పై వరసకి అంటే మళ్ళీ ఆ స్టూలు. ఫోను వైపు లేచాను, మళ్ళీ కూర్చున్నాను. మోగితే ఎవరు ఎక్కడినుంచి దిగుతారో తెలియదు. మోగించకపోతే ఏమవుతోందో తెలియదు. సెలవు చీటీ రాసిచ్చి బస్టాండుకి పరుగెత్తాను. గట్టురోడ్డుమీద బస్సు వెళ్తుంటే, ఎప్పుడూ కిందెక్కడో ఉండే గోదావరి, ఎర్రగా, చప్పుడు లేకుండా, కిటికీ దగ్గరికి వచ్చేసి ఉంది. కాపురానికొచ్చాక మొదటిసారి నాకు ఆ నీళ్ళంటే భయమేసింది. ఆ జానెడు చాలుతుందా? చాలదని ఎవరు చెప్పగలరు? నా మాట నెగ్గించుకుని, ఆయన ఇన్నేళ్ళు కాపాడుకున్న ఎత్తుని నేనే దింపించానా?

ఇంట్లో మావయ్యగారు వంటింటి మధ్యలో ఒక చెక్క పట్టుకుని నిలబడి ఉన్నారు. అందే ఎత్తే అయినా, డెబ్భై ఏళ్ళ వయసులో దాన్ని ఒక్కరే పైకెత్తి నిలపడం కుదిరే పని కాదు. అత్తయ్యగారు పీటమీద కూర్చుని ఉన్నారు.

"నేనెక్కనని చెప్పాను," అన్నారు నన్ను చూడగానే. "ఈయన్నీ ఒక్కరే ఎత్తొద్దన్నాను. నువ్వొచ్చేదాకా ఆగమన్నాను. ఆగారు."

నేనెక్కాను. ఎదురింటావిణ్ణి పిలిచి స్టూలు పట్టుకోమన్నాం. చీకటి పడేలోపు అన్నీ పైకెళ్ళాయి. ఉప్పు, పప్పు, చింతపండు, పోపుల డబ్బా మాత్రం అత్తయ్యగారు ఒక బుట్టలో సర్ది పొయ్యిగట్టుమీద పెట్టుకున్నారు.

"అవి?" అన్నారు మావయ్యగారు.

"ఇక్కడే ఉంటాయి. మునిగితే మునగనివ్వండి. నేను మాత్రం ఇంక దేనికోసమూ ఎక్కను."

ఆయన చెప్పులేసుకుని గట్టుమీదికి వెళ్ళారు. తిరిగొచ్చాక, "ఎంతుందండీ?" అని నేనే ఎదురెళ్ళి అడిగాను. "పెరుగుతోంది," అన్నారు. మర్నాడు, "నిలిచింది," అన్నారు. ఆ రెండు రోజులూ మా ఇద్దరి మధ్యా ఒక్క వాదన కూడా జరగలేదు. భయంలో మేమిద్దరం అంత దగ్గరివాళ్ళమని నాకు అంతకుముందు తెలియదు.

మూడో రోజు నీరు తీయడం మొదలైంది. నాలుగో రోజు హెచ్చరిక ఎత్తేశారు. అత్తయ్యగారు చెక్కలు దింపమన్నారు. మావయ్యగారు దసరా దాకా ఉంచుదామన్నారు. మళ్ళీ వస్తే?

"అలాగేనండి," అన్నారావిడ, బుట్ట తీసి ఆయన చేతిలో పెడుతూ. "దసరా దాకా వంట మీరే చెయ్యండి. మీకు అందుతాయిగా."

ఆ పూట అన్నం ఉడికేలోపే చెక్కలు కింది వరసకి వచ్చేశాయి.