ఒక గంప కాయలు, ఒక మెడికల్ సీటు

ఆ రోజుల్లో వేప్పనపల్లి చుట్టుపక్కల ఏ పనికైనా ఒకటే సూత్రం: తెలిసినవాళ్ళు ఉంటే అవుతుంది, లేకుంటే కాదు. కరెంటు కనెక్షన్ మొదలు కాన్పు వార్డులో మంచం దాకా ఇంతే. అందుకే మా చిన్నాయన కూతురు పన్నెండో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని మెడిసిన్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు, ఇంట్లో ఒక్కరూ ఆ మార్కుల వైపు చూడలేదు. "ఆడ మనోళ్ళు ఎవురుండారప్పా?" అన్నదే ప్రశ్న. వెతగ్గా వెతగ్గా, మా అత్త తోడికోడలి తమ్ముడు చెన్నైలో ఒక మెడికల్ కాలేజీలో పెద్ద పనిలో ఉన్నాడని తేలింది. హోసూరు ఫ్యాక్టరీలో కొత్తగా చేరి, పెళ్ళిళ్ళకు కూడా యూనిఫారంలోనే వెళ్తున్న నన్ను రాయబారిగా ఎంచుకుని, మా తోటలోని మామిడికాయలు ఒక గంప నెత్తికెత్తారు.

కృష్ణగిరిలో బస్సెక్కింది మొదలు, ఆ పెద్దమనిషితో ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంటూ పోయాను. కాలేజీలోకి అడుగు పెట్టగానే నోటీసు బోర్డు ముందు గుంపు కనిపించింది. తొంగి చూస్తే సీట్లు వచ్చినవాళ్ళ జాబితా. అందులో మా చెల్లెలి పేరు కూడా ఉంది. అప్పుడే వెనక్కి తిరిగి బస్సెక్కి ఉంటే ఈ రోజు ఇది రాయాల్సిన అవసరం వచ్చేది కాదు. కానీ నెత్తిన గంప ఉంది కదా. వెతుక్కుంటూ పోతే మా బంధువు హాస్టల్ వంటగదిలో, లుంగీ ఎగగట్టి సాంబారు కలుపుతున్నాడు (పెద్ద పనే, హాస్టల్ మొత్తానికీ సాంబారు). కాయలు ఇచ్చాను. ఆయన భోజనం పెట్టాడు. తిని వచ్చేశాను.

ఊళ్ళో దిగగానే చిన్నాయన ఎదురొచ్చి, పోయిన పని ఏమైందని అడిగాడు. నేను కాలర్ సర్దుకుని, "చెప్పినాను. అయిపోయింది" అన్నాను.

ఆ రెండు మాటల మీద పాతికేళ్ళు బతికాను. పాలిటెక్నిక్ సీట్లకూ, టీచర్ల బదిలీలకూ నా ఇంటికి గంపలు రావడం మొదలైంది. (అయిన పనులు నా వల్ల, కానివి వాళ్ళ గ్రహచారం వల్ల.) మా చెల్లెలు డాక్టరై కృష్ణగిరిలో క్లినిక్ పెట్టినా, ఊరివాళ్ళు మాత్రం ఆమెను వాళ్ళన్న సీటు ఇప్పించిన డాక్టరమ్మగానే చెప్పుకునేవారు. ఆమె ఎదుటే అన్నా నవ్వి ఊరుకునేది. ఆమెకు అసలు సంగతి తెలియదనుకున్నాను.

పోయిన నెల ఫోన్ చేసి, వెంటనే క్లినిక్‌కు రమ్మంది. వెళ్తే, మా ఊరి గొర్రెల కాపరి కూతురు కూర్చుని ఉంది. మెడికల్ ఎంట్రన్స్‌కు చదువుతున్నది కాస్తా మానేసి, హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోవడానికి ఆరోగ్య సర్టిఫికెట్ కోసం వచ్చిందట. ఎందుకమ్మా మానేశావంటే, "మీకంటే అన్న ఉండాడు డాక్టరమ్మా, మాకెవురుండారు?" అందట.

మా చెల్లెలు సంతకం పెట్టకుండా పెన్ను పక్కన పెట్టింది. "అన్నా, ఆ పొద్దు ఆడ ఏం జరిగిందో ఈ పాపకు చెప్పు" అంది.

నోటీసు బోర్డు నుంచి సాంబారు దాకా అంతా చెప్పాను. ఆ పిల్ల, "అయితే ఆ కాయలు ఎవురు తినినారు?" అని అడిగింది.

"నేనే" అంది మా చెల్లెలు. "ఆ వంటాయన ఊరగాయ పెట్టినాడు. వడ్డించినప్పుడల్లా, మీయన్న వచ్చేలోపలే నీ పేరు బోర్డులో ఉండె పాపా అని చెప్తా ఉండె."

మరి ఇన్నేళ్ళూ ఎందుకు బయటపెట్టలేదని అడిగాను.

"నీకుండేది ఆ ఒక్క గొప్పే కదన్నా" అంది.

ఆ పిల్ల సంతకం లేని కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ట్యూషన్‌కు పోతోందని తర్వాత తెలిసింది. నేను ఊళ్ళో కూడా రచ్చబండ దగ్గర నిలబడి నిజం చెప్పేశాను. ఎవరూ నమ్మలేదు. పెద్దమనసు, చేసింది చెప్పుకోడు అని ఇంకా మెచ్చుకున్నారు. మొన్న మరో గంప కూడా వచ్చింది. దాన్ని ఊరగాయ పెట్టించి ఆ పిల్లకు పంపాను. కాలర్ సర్దుకున్న ఆనాటి కుర్రవాడు చూసి ఉంటే, దాన్ని కూడా పలుకుబడి అనే చెప్పుకునేవాడు.