చెరువులో సూటుతో, చేతిలో సాలెపురుగుతో

మొన్న ఆదివారం నేను సూటు వేసుకుని నడుం లోతు నీళ్లలో నిలబడ్డాను. చేతిలో సాలెపురుగు. నవ్వకండి, ముందు వినండి.

నేను పనిచేసే ఇంగ్లండు ఆసుపత్రిలో మా పెద్ద డాక్టరు, కన్సల్టెంట్ విట్‌కోంబ్‌కి సాలెపురుగుల పిచ్చి. నాకేమో అవంటే చచ్చే భయం. కానీ రిజిస్ట్రార్, అంటే ఆయన కింద సీనియర్ డాక్టరు పోస్టుకి ఆయన సిఫార్సు కావాలి. వార్డు రౌండ్ అయ్యాక టీ తాగుతూ, "సాలెపురుగుల మీద ఆసక్తి ఉందా, రావ్?" అన్నాడు.

"చిన్నప్పట్నుంచీ సార్!" అన్నాను.

అంతే. ఎక్కడికో చెప్పకుండా ఆదివారం తనతో రమ్మన్నాడు. ఆ పొద్దున్నే ఆయన కారు మా ఫ్లాట్ ముందు ఆగింది. బాస్ పిలిచాడంటే లంచ్ ఉంటుందని మా ఆవిడ సుశీల సూటు ఇస్త్రీ చేసిచ్చింది. ఆయన మోకాళ్లదాకా రబ్బరు బూట్లతో దిగాడు. నన్ను కిందినుంచి పైదాకా చూసి ఏమీ అనలేదు. ఇంగ్లీషువాళ్లు అనరు.

బర్మింగ్‌హామ్ దాటాక ఓ చెరువు. గట్టున వంగి పాఠం మొదలెట్టాడు. "వీటిని వుల్ఫ్ స్పైడర్లంటారు. గూడు అల్లవు, పరిగెత్తి వేటాడతాయి. గుర్తు కళ్లే. కింది వరసలో నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, వెనక ఇంకో రెండు." నా చేతిలో ఓ గాజు ట్యూబు, భూతద్దం పెట్టాడు.

గంటసేపు నాకొక్కటీ కనపడలేదు. అంటే, నేను చూడలేదు. చివరికి ఒకటి తనంతట తనే ట్యూబులోకి వచ్చింది. మూత పెట్టి, కళ్లు లెక్కపెడదామని భూతద్దం పెడితే, వీపంతా బూడిదరంగు గడ్డలు! ఎంతైనా డాక్టర్ని కదా.

"సార్, దీనికి చర్మవ్యాధి ఉంది."

బాగా చూద్దామని మూత తీశాను. గడ్డలు కదిలాయి. గడ్డలకి కాళ్లున్నాయి.

"అవి పిల్లలయ్యా! తల్లి వీపున మోస్తుంది!" అని ఆయన మురిసిపోతుంటే, ఓ పాతిక పిల్లలు నా చొక్కా చేతిలోకి నడిచాయి. నేను ఒకడుగు వెనక్కి వేశాను. వెనక పచ్చటి గడ్డి. అది గడ్డి కాదు, నీళ్లమీద పరుచుకున్న నాచు.

"కదలకు! తల్లి ఉందా?" అని గట్టుమీంచి అరిచాడాయన.

ట్యూబుని బొటనవేలితో మూసి తలపైకి ఎత్తి పట్టుకున్నాను. "ఉంది సార్."

ముందు ట్యూబు అందుకున్నాడు. భూతద్దంతో చూశాడు. మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నాకు చెయ్యిచ్చాడు.

కారు సీటుమీద పేపర్లు పరిచి కూర్చోబెట్టాడు. దారంతా పోస్టు పోయినట్టే అనుకున్నాను. ఇంటిదగ్గర దించుతూ, "నీళ్లలో పడ్డా ట్యూబు వదల్లేదు. నాకు అలాంటి రిజిస్ట్రారే కావాలి. రేపే రాసి పంపిస్తాను," అన్నాడు. భయానికి వేళ్లు బిగుసుకుపోయాయని నేను చెప్పలేదు.

సుశీల తలుపు తీసి, "లంచ్ బాగుందాండీ?" అంది.

సోమవారానికల్లా ఈ సంగతి వార్డంతా పాకింది. ఇప్పుడు నేను ఎక్స్‌పర్ట్‌ని. నిన్న వార్డు బాత్‌రూంలో సాలెపురుగు కనిపిస్తే సిస్టర్ నన్నే పిలిచింది. హెర్నియా ఆపరేషనైన ఓ ముసలాయన దాన్ని గుప్పిట పట్టి కిటికీలోంచి వదిలేశాడు. నేను గుమ్మం బయట నిలబడి దాని పేరు చెప్పాను.

ఆ పేరు తప్పని కూడా ఆ ముసలాయనే చెప్పాడు.