బావ పంపిన ఆవిరి మిషను

కడుపుకు అన్నం పెడుతున్న నా మోటార్ వైండింగు షాపు మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను, ఇప్పుడు రాయబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగిన భూపాలపల్లి జనం ఈ మాట చదివి ముసిముసిగా నవ్వుకుంటారని తెలుసు. (మా షాపు ముందు చాయ్ తాగేవాళ్ళు నేను చెప్పే సంగతుల్ని సగానికి సగం కోసేసి వింటారు.) దీన్ని మాత్రం కొయ్యకుండా వినండి.

నేనింకా భూపాలపల్లి రాని ఆ రోజుల్లో ఎవరికి ఏ పని వచ్చో రాదో ఆరా తీసే తీరిక ఊళ్ళో ఎవరికీ ఉండేది కాదు. నోటితో చెప్తే నమ్మేవాళ్ళు. పాలకుర్తి పక్కనున్న మా ఊళ్ళో నేను ఐటీఐ చదివొచ్చానని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. చదివిన మాట నిజమే, రెండు పేపర్లు మిగిలాయన్న మాటే చెప్పలేదు. ఒకసారి మా వీధిలో పెద్దాయన ఇంట్లో టీవీ ఆగిపోతే వీపు మీద ఒక్కటి చరిచాను, బొమ్మ వచ్చేసింది. (చరిచింది టీవీ వీపు, పెద్దాయనది కాదు.) ఆ ఒక్క దెబ్బతో నాకు 'ఇంజినీరు' అని పేరు పడింది. ఇరవై రెండేళ్ళవాడికి అంత పేరు రావడం ఎంత ప్రమాదమో మహబూబాబాదు నుంచి మా అక్క ఫోన్ చేసేదాకా నాకు తెలియలేదు.

"తమ్మీ, ఉన్నపళంగ బయల్దేరు. మీ బావ బేస్తారం దిగుతుండు. మిషన్ సచ్చిపోయింది" అంది.

బావ దుబాయిలో ఉండేవాడు. పెద్ద హోటల్లో సూపర్వైజరు అని వాళ్ళమ్మ, అంటే మా అక్క అత్తమ్మ, మానుకోటంతా చెప్పుకునేది. (మహబూబాబాదును మేమందరం మానుకోట అనే అంటాం.) టై కట్టుకుని దిగిన ఫోటో గోడకు ఉండేది. రెండేళ్ళకోసారి వచ్చేవాడు. మధ్యలో ఎవరో వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి ఈ ఆవిరి మిషను పంపాడు. ఎర్రగా, పొట్ట ఉబ్బిన చెంబులా ఉండేది. దానికో గొట్టం, గొట్టం చివర సన్నటి ముక్కు. నీళ్ళు పోసి, మూత బిగించి, స్విచ్చి వేస్తే ముక్కులోంచి ఆవిరి బుస్సుమని వచ్చేది. గ్యాసు పొయ్యి చుట్టూ పట్టిన జిడ్డు దానికదే కరిగి జారిపోయేది. "మోకాళ్ళ మీద కూసుండి రుద్దకు, నీ నడుం పోతది" అని బావ అక్కకు ఫోన్లో చెప్పాడట. అత్తమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టి, వచ్చినవాళ్ళకల్లా చూపించేది.

అక్క భయం అత్తమ్మ గురించి కాదు. అంతకుముందు బావ పంపిన మిక్సీ నెల తిరక్కుండా కాలిపోయింది. ఆ సంగతి చెప్తే ఆయన తిట్టలేదు. "పోనీ తియ్" అన్నాడు. ఆ రెండు మాటలు అక్క గుండెలో ముల్లులా దిగిపోయాయి. మళ్ళీ ఆ మాట వినాల్సి వస్తే తట్టుకోలేనంది.

మిషనుకు ఏమైందో ఇవాళ నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బోరు నీళ్ళు అందులో కాగీ కాగీ, సున్నంలా గట్టిపడి ఆవిరి దారి మూసేశాయి. అంతే. ఆ మంగళవారం మానుకోటలో దిగగానే మాత్రం దాని పొట్టకు చెవి ఆనించి, వేలితో రెండుసార్లు కొట్టి, వైద్యుడిలా మొహం పెట్టి, "అక్కా, దీనికి గాలి పట్టింది" అన్నాను.

"మిషన్లకు సుత గాలి పడతదా?" అని అక్క రెండడుగులు వెనక్కి వేసింది.

మొదట ముక్కులో చీపురు పుల్ల దూర్చాను. సగం లోపలికి పోయి విరిగింది. దాన్ని తియ్యడానికి ఇంకో పుల్ల దూర్చాను. అదీ విరిగింది. సైకిలు పంపుతో గాలి కొట్టాను, గాలి నా మొహానికే తిరిగొచ్చింది. మంగళవారం అలా గడిచిపోయింది. బుధవారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే నాకు జ్ఞానోదయమైంది. ఇత్తడి బిందెకు చింతపండు రుద్దితే తళతళలాడుతుంది కదా, మిషను లోపలున్నది మాత్రం లోహం కాదా? చింతపండు చిక్కగా పిసికి పొయ్యమన్నాను.

అక్క అనుమానంగా చూసింది. "గిట్ల పొయ్యాల్నని మీ పుస్తకంల ఉన్నదా తమ్మీ?"

"మూడో పాఠంల ఉన్నదక్కా." (నాకు మిగిలిపోయిన రెండు పేపర్లలో ఆ పుస్తకం ఒకటి.)

మూత బిగించి స్విచ్చి వేశాం. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపల పెళ్ళి వంటల డేగిసాలా కుతకుతమంది. ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చెప్పడం కష్టం, ఎందుకంటే అన్నీ ఒకేసారి జరిగాయి. ముక్కులోని పుల్ల బాణంలా లేచి ప్రహరీ దాటి, పక్కింటి పెన్షన్ సారు పాదుకు వేలాడే సొరకాయలో దిగబడింది. వెనకే చింతపులుసు ధారగా వచ్చి, బావ వస్తున్నాడని కొత్తగా నీలం రంగు వేయించిన గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసింది. ఇల్లంతా చారు వాసన. అవతల నుంచి సారు వాళ్ళావిడ, ఇంగువ ఏమన్నా వేసినవా బిడ్డా, కమ్మగా ఉన్నదని పలకరించింది. అత్తమ్మ బయటికొచ్చి, గోడనూ నన్నూ చూసి, నా కొడుకు పంపిన మిషన్ల చారు కాస్తుర్రా అని తల పట్టుకుని గడప మీద కూలబడింది.

అక్క తడిగుడ్డ తెచ్చుకుని గోడ కింద మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టింది, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని. నా జీవితంలో అంత దిక్కుమాలిన పూట ఇంకోటి లేదు. ఏ రైలు ముందొస్తే ఆ రైలెక్కి, ఇంజినీరన్న పేరు వినిపించని ఊరికి వెళ్ళిపోదామనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను. అక్క తలెత్తకుండానే, "అన్నం తినిపో" అంది. ఇంకెక్కడికి పోతాను.

అక్క చెప్పిన బేస్తారం, అంటే గురువారం, బావ వచ్చాడు. మరకను రెండు క్యాలెండర్లతో కప్పాం, మిషను మంచం కిందికి వెళ్ళింది. వాకిట్లో చుట్టాలు, ఇరుగుపొరుగు. అత్తమ్మ కొడుకు పక్కన కూర్చుని ఆయన కింద ఎంతమంది పనిచేస్తారో అందరికీ చెప్తోంది. బావ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి మొట్టమొదట అడిగిన మాట, మిషను మంచిగా పనిచేస్తున్నదా అని. అక్క చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయింది. నేను మంచం కిందికి దూరి దాన్ని ఈడ్చుకొచ్చి, శవాన్ని అప్పగించినట్టు ఆయన ముందు పెట్టాను.

ఆయన మూత తీసి వాసన చూశాడు. "చింతపండా?" అన్నాడు. నేను తలూపాను. అక్క కళ్ళు మూసుకుంది, ఆ రెండు మాటల కోసం.

బావ ఆ మాట అనలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, వాకిట్లో గొంతుక్కూర్చుని, మిషన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. నన్ను నిమ్మ ఉప్పు కోసం కిరాణా కొట్టుకు పంపాడు. దాన్ని గోరువెచ్చని నీళ్ళల్లో కలిపి పోసి, కాసేపు ఉంచి, గిరగిరా తిప్పి వంచాడు. కోడిగుడ్డు పెంకుల్లాంటి తెల్లటి బిళ్ళలు రాలాయి. వాటితో పాటు ఒక చింతగింజ కూడా. అడుగున ఉన్న బిరడా ఎక్కడుందో ఆయన బొటనవేలు చూడకుండానే పట్టుకుంది. ముక్కు ఊడదీసి, అక్క వైపు చూడకుండా చెయ్యి చాచాడు. అక్క గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఇస్తూ ఆయన వేళ్ళను చూసింది. చివర్లు నానిపోయినట్టు తెల్లగా, చర్మం పొరలు లేచి ఉన్నాయి. అక్క పిన్నీసును వెంటనే వదల్లేదు.

ముచ్చటగా చూస్తున్న పెన్షన్ సారు, పాపం మనసులో ఏమీ లేకుండానే, "ఏమయ్యా, నువ్వు పెద్ద సూపర్వైజర్‌వి గద. గీ కడిగే మిషన్ల పని గింత సాఫుగ ఎట్లొచ్చింది?" అన్నాడు.

పిన్నీసు ఆగింది. అత్తమ్మ మొహం మీది నవ్వు పోలేదుగానీ, ఉన్నచోటనే బిగుసుకుపోయింది. వాకిలంతా బావ జవాబు కోసం చూస్తోంది.

"నేనే నేర్పిన సారూ" అన్నాను. "ఫోన్ల చెప్పిన. బావకు గిసొంటివి ఏం తెల్వదు."

అప్పటికి నా చొక్కా మీద చింతపండు మరక ఇంకా పోలేదు. వాకిలి ఒక్క క్షణం నన్ను చూసి, గొల్లుమంది. సొరకాయను పొడిచినోడివి నువ్వే గదరా అని సారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అడిగిన ప్రశ్న ఆయనకే గుర్తు లేకుండా పోయింది. బావ కూడా తలెత్తి నన్ను చూసి పెద్దగా నవ్వాడు. ముక్కు బిగించి స్విచ్చి వేస్తే మిషను బుస్సుమంది. అత్తమ్మ దానికి మళ్ళీ బొట్టు పెట్టింది.

ఇక ఒట్టు సంగతి. మీరు అనుమానపడుతున్నవన్నీ జరిగినవే, కావాలంటే మానుకోట వెళ్ళి అడగండి. నేను కల్పించింది ఒక్కటే. బావ నవ్వలేదు. అందరూ నవ్వుతుంటే తల వంచుకుని, ఎప్పుడో శుభ్రమైపోయిన ఆ ముక్కును పిన్నీసుతో పొడుస్తూనే ఉన్నాడు. అక్క ఆయన పక్కన ఊరికే కూర్చుంది. ఛాతీ విరుచుకుని నిలబడ్డ నాకు, ఆడిన అన్ని అబద్ధాల్లో ఒక్కరూ నమ్మకపోయినా పనిచేసిన అబద్ధం అదొక్కటేనని అప్పుడు తెలియదు. ఆయన ఆ రోజు నవ్వి ఉంటే బాగుండేదనిపించి, చాయ్ దగ్గర ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా నవ్విస్తూ వచ్చాను. ఈ మధ్య పెద్దగానే నవ్వుతున్నాడు.