బాస్ పెరట్లో టికి బార్

ఆ రోజుల్లో నాకు చేతకాని పనంటూ ఉండేది కాదు. దాని మీద రాసిన పుస్తకం లైబ్రరీలో దొరకడమే ఆలస్యం. పదో తరగతితో చదువాపి సింగపూర్ వచ్చినవాణ్ణి. బూన్ లే దగ్గర డార్మిటరీలో పన్నెండు మందిమి ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆదివారం వస్తే మిగతావాళ్ళు వండుకు తిని పడుకునేవారు, నేను జురాంగ్ ఈస్ట్ వెళ్ళి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి (ఏసీ కోసమేనని గదిలో ఒక పుకారుండేది, అందులో కొంత నిజం లేకపోలేదు). అర్థం కాని మాటలు నోటుపుస్తకంలో రాసుకుని, అర్థమైనవి సైట్లో అందరికీ చెప్పేవాణ్ణి. అందుకే నాకు 'లైబ్రరీ' అని పేరు పడింది.

ఉద్యోగం మాత్రం హెల్పరు. కాంక్రీటు పోయడానికి ప్లైవుడ్‌తో పెట్టెలు కట్టే సెంట్రింగ్ గ్యాంగులో కార్పెంటర్లకు చెక్కలు మోయడం. మూడేళ్ళుగా మోస్తూ, సుత్తి నా చేతికి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. గ్యాంగుకు పెద్ద శ్రీకాకుళం మనిషి. అందరం మేస్త్రి మావ అనేవాళ్ళం.

ఒకరోజు మా చైనీస్ బాస్ ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. తన అరవయ్యో పుట్టినరోజుకు ఇంటి పెరట్లో టికి బార్ కావాలట: పసిఫిక్ దీవుల పద్ధతిలో కర్ర స్తంభాలు, ఆకుల కప్పు, ముందు నిలబడి తాగడానికి ఒక కౌంటరు. కార్పెంటర్లందరూ స్లాబు పనిలో ఉన్నారు. నేను చెయ్యెత్తాను. "బాస్, టికి బార్ అసలు దీవులవాళ్ళది కాదు, అమెరికాలో హోటళ్ళవాళ్ళు మొదలుపెట్టారు" అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను కూడా.

"హిస్టరీ హూ ఆస్క్ యూ? బిల్డ్, క్యాన్ ఆర్ నాట్?"

"క్యాన్, బాస్."

"గుడ్, యూ కార్పెంటర్. నో గుడ్, క్యారీ వుడ్ లా." (మాట చివర 'లా' తగిలించడం సింగపూరువాళ్ళ అలవాటు.)

మేస్త్రి మావ నన్ను పక్కకు లాగాడు. "ఏట్రా, పుస్తకం సదివితే మేకు దిగుతాదేటి?"

"మూడేళ్ళుగా నీ చెయ్యే చూస్తున్నాను కదా మావా."

అసలు చిక్కంతా ఆ చూడటంలోనే ఉందని ఇద్దరికీ తెలియలేదు.

లైబ్రరీ నుంచి తెచ్చిన టికి బార్ల పుస్తకంలో మొదటి మూడు అధ్యాయాలూ చరిత్రే. వాటిని రెండేసిసార్లు చదివాను. కొలతలు నోటుపుస్తకంలోకి ఎక్కించాను. బాస్ తెప్పించిన ప్లైవుడ్ ఒక వైపు మామూలు చెక్క, రెండో వైపు అద్దంలాంటి టేకు. రెండు వారాలు ఒక్కణ్ణే తాడు పట్టి, మట్టం చూసి, నూలు వాసి తేడా రాకుండా బిగించాను. నున్నటి వైపు లోపలికి, బద్దలు బయటికి. సెంట్రింగ్‌లో అంతే మరి: కాంక్రీటు తగిలే ముఖం నున్నగా ఉండాలి, బలమిచ్చే బద్దలు బయటుండాలి. చూసి నేర్చిన చేతులు అలాగే చేసుకుపోయాయి. చదివిన బుర్ర పక్కన నిలబడి మెచ్చుకుంది. మేకులు నున్నటి వైపు నుంచే కొట్టాలి, పనంతా కౌంటరు లోపల నిలబడే చేశాను గనుక నాకెప్పుడూ టేకే కనపడింది.

పుట్టినరోజు సాయంత్రం మేస్త్రి మావ ముందువైపు నుంచి వచ్చి కౌంటరును వేళ్ళతో తట్టి చూశాడు.

"ఒరే లైబ్రరీ, కాంక్రీటు లారీ ఎన్నింటికొస్తాది?"

నాకు అర్థం కాలేదు. "ఇటొచ్చి సూడు" అన్నాడు. వెళ్ళి చూశాను. అడ్డబద్దలు, నిలువుబద్దలు, ఏటవాలు ఊతలు. పైన ముచ్చటైన ఆకుల కప్పు, కింద వంతెన స్తంభానికి కట్టే పెట్టె. టేకంతా లోపల ఫ్రిజ్ ఒక్కటే చూసేట్టుంది. విప్పి తిరగేద్దామంటే అరగంటలో అతిథులు వస్తారు.

"ఇంక చెక్కలు మోయడమే మావా" అన్నాను.

"నేర్సుకున్నది నాకాడే గదా. నానూ నీతోటే నిలబడతాను, రా" అని పక్కనే నిలబడ్డాడు.

అతిథులు వచ్చారు. అడ్డబద్దల మీద కాళ్ళు పెట్టుకుని, ఊతలకు సంచులు తగిలించుకుని హాయిగా తాగారు. బాస్ మాత్రం తాగలేదు. కౌంటరును భుజంతో నెట్టి చూశాడు, కదల్లేదు. పూలచొక్కా జేబులోంచి టేపు తీసి (పుట్టినరోజున కూడా జేబులో టేపుండే మనిషి), మూల నుంచి మూలకు అటూ ఇటూ కొలిచాడు. రెండు లెక్కలూ ఒకటే, అంటే ఎక్కడా వంకర లేదు.

"బార్, వెరీ అగ్లీ లా" అన్నాడు. నేను తల దించుకున్నాను. "సెంట్రింగ్, వెరీ గుడ్. మండే, నో క్యారీ వుడ్."

మావ నా వీపు మీద కొట్టిన దెబ్బకు ముందుకు తూలాను.

ఇప్పుడు నేను సూపర్‌వైజర్ని. చాలా చదివాను. ఎవరైనా చిన్న అలమర బిగించమన్నా డ్రాయింగు అడుగుతాను, రెండు సందేహాలు వెలిబుచ్చుతాను, అప్పటికీ నిద్ర సరిగా పట్టదు. ఆ పెరట్లో రెండు వారాలు టేకు నిమురుకుంటూ, ప్రపంచమంతా దాన్నే చూడబోతోందని మురిసిపోయిన కుర్రాడికి, తిరగేసి కడుతున్నావని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదేమో అని అప్పుడప్పుడు అనుకుంటాను. చెప్పకపోవడమే మంచిదైంది. అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు.