అవ్వ ఫోటో ఒకటి కావాలె

ఆదివారం పొద్దున మా పక్కింటి అవ్వ పోయింది. చర్చికి బయల్దేరుతూ గడప మీద కూర్చుని తలకు నూనె రాసుకుంటున్నదట, అట్లాగే గోడకు ఒరిగిందట. ఆ సమయానికి నేను వనపర్తిలో లేను. ధరూర్ అవతల కృష్ణ ఒడ్డున, నీళ్లలో నిలబడ్డ ఒక కొంగ నా వైపు తల తిప్పుతుందేమోనని కెమెరా పెట్టుకుని కాచుకుని ఉన్నాను. నా భార్య ఫోన్ చేసి, "అవ్వ పోయింది. జల్ది రండి" అన్నది. నేను ముందు కెమెరాకు బిగించిన దూరపు లెన్సు విప్పాను, గుడ్డతో తుడిచాను, డబ్బాలో పెట్టాను, ఆ తర్వాత బండి తీశాను. ఈ వరస రాస్తుంటేనే సిగ్గుగా ఉంది. కానీ జరిగింది ఇదే వరస.

నేను చేరేసరికి అవ్వను ఇంట్లో నులక మంచం మీద పడుకోబెట్టారు. ఆమె ఒంటి మీద నేను ఎన్నడూ చూడని చీర ఉంది, పసుపు రంగు గద్వాల చీర, ఎర్రటి అంచు. కూతురు పుణె నుంచి రావాలి కాబట్టి మట్టి చేయడం మరునాడు అనుకున్నారు. అవ్వ కొడుకు తాపీమేస్త్రీ, నాకంటే చిన్నవాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, అమ్మ ఫోటో ఒకటి కావాలె. పెట్టె ముందట పెట్టనీకి. మళ్ల ప్రార్థన కూడికకు గూడ ఫ్రేము కట్టియ్యాలె. మా ఇంట్ల ఒక్కటి లేదు. మీ దగ్గరైతే మస్తుంటయి గద."

"ఒకటేంది తమ్మీ, వందలున్నయి. ఎసొంటిది కావాలె చెప్పు" అన్నాను. చావింట్లో నిలబడి, బట్టల దుకాణం వాడిలాగా!

"ఏదైన సరే సారూ. మొఖం కనపడితె చాలు" అన్నాడు.

మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. అవ్వది కోడేరు దగ్గరి పల్లె. వయసంతా మట్టి పనిలోనే గడిచింది. మొగుడితో కలిసి వలస పోయి, పేర్లు కూడా తెలియని ఊళ్లలో కాలువలు తవ్వింది. మోకాళ్లు మొరాయించాక కొడుకు ఇంట్లో కుదురుకుంది. చదువు రాదు. పాలిథిన్ కవర్లో చుట్టిన బైబిల్ పట్టుకుని పొద్దున్నే గోడ దగ్గరికి వచ్చేది. మా ఆవిడ దీపం పెట్టి వచ్చి, గోడ ఇవతల నుంచి ఒక కీర్తన చదివి పెట్టేది. అవ్వ ఆమెన్ అని, "నీ దేవుడు గూడ సల్లగుండాలె బిడ్డా" అని దీవించి పోయేది. నేను సైన్సు పంతులును. ఆ ఇద్దరినీ చూసి నవ్వుకుంటూ నా కెమెరా తుడుచుకునేవాణ్ణి.

ఆ కెమెరా సంగతి చెప్పకపోతే నా సిగ్గు మీకు అర్థం కాదు. దాన్ని బ్రిడ్జి కెమెరా అంటారు. జేబులో పట్టే చిన్న కెమెరాకూ, పెళ్లిళ్లలో కనిపించే పెద్ద కెమెరాకూ మధ్యరకం. ముందున్న లెన్సు ఊడదు. ఇంకేమైనా కావాలంటే ముందు ఒక గొట్టం బిగించి, ఆ గొట్టానికి అదనపు లెన్సులు తగిలించుకోవాలి. పిట్టల ఫోటోలు తీద్దామని కొన్నాను. పిట్ట మసకగా వచ్చినప్పుడల్లా తప్పు నాది కాదు, సామానుది అనుకున్నాను. దూరానికి ఒక లెన్సు, వెడల్పుకు ఒకటి, దగ్గరికి ఒకటి, ఆపైన ఫ్లాషు, ఫ్లాషుకు తొడుగు, కొరియరు పిల్లవాడికి మా ఇల్లు అత్తగారిల్లయింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది మీ కథ" అని మా ఆవిడ అనేది. నేను వినిపించుకోలేదు.

సామాను వచ్చాక పరీక్షించి చూడాలి కదా. పిట్ట మన కోసం కూర్చోదు. ఒకనాడు నేను విసుక్కుంటుంటే అవ్వ గోడ మీద మోచేతులు ఆనించి అన్నది, "పిట్టలు కూసోవు సారూ. నేనైతే కూసుంట. నాకేం పనున్నది?"

అంతే, ఆనాటి నుంచి అవ్వ నా పిట్ట అయింది. వాకిట్లో నీలం ప్లాస్టిక్ కుర్చీ వేసేవాణ్ణి. "రా అవ్వా, కొత్తదొచ్చింది" అంటే చాలు, మోకాళ్లు పట్టుకుని కుంటుకుంటూ వచ్చేది. ప్రతిసారీ ఒకటే మాట.

"జర ఆగు సారూ, చీర మార్చుకొస్త."

"వద్దవ్వా, ఊరికే టెస్టు. అసలు ఫోటో తర్వాత తీద్దాం."

"సరే, అసలుదానికి చెప్పు మరి. మరువకు" అని, కనీసం కొంగైనా తల మీదికి లాక్కుని కూర్చునేది.

వెడల్పు లెన్సు వచ్చిన రోజు మా గల్లీ మొత్తం ఫోటోలో పట్టింది. మధ్యలో అవ్వ, ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోయి. "మంచిగొచ్చిందా సారూ?" అని అడిగింది. నేను తెర మీద నుంచి కళ్లెత్తకుండా, "మూలలు నల్లగొచ్చినయి" అన్నాను. అవ్వ తన ముఖం అనుకున్నది. "నేను నలుపే గద, దానికెందుకు పరేషాన్?" అని కుర్చీ ఊగేలా నవ్వింది. ఆ నవ్వు తీయొచ్చు కదా! తీయలేదు. లెన్సు వాపసు పంపడం ఎట్లా అని చూస్తున్నాను.

దూరపు లెన్సుకైతే గల్లీ చివర కరెంటు స్తంభం దగ్గర నిలబడి తీశాను. అంత దూరం నుంచి అవ్వ చేతులూపుతూ ఏదో అరుస్తున్నది.

"అంత దూరంకెల్లి ఎవరిని తీస్తున్నవు సారూ?"

"నిన్నే అవ్వా!"

"నేను దగ్గరనే ఉన్న గద!"

గల్లీలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఫ్లాషు బాధ ఇంకోటి. కెమెరాలోనే ఉన్న చిన్న ఫ్లాషు వెలిగిస్తే ముందున్న గొట్టం అడ్డొచ్చి ఫోటో కింది భాగంలో అర్ధచంద్రంలా నీడ పడుతుంది. అందుకని విడి ఫ్లాషు కొన్నాను. అది సూటిగా కొడితే ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. ఫ్లాషును గోడ వైపు తిప్పి ఆ వెలుగు ముఖం మీద పడేటట్టు చేస్తే, అవ్వ వాళ్లది నీలం గోడ, ముఖం నీలంగా వచ్చింది. చివరికి లెన్సు చుట్టూ బిగించే గుండ్రటి దీపం తెప్పించాను, దగ్గరి ఫోటోలకని. అవ్వకు శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు. నీళ్లు కారేవి. "కండ్లల్ల మెరుపులు మెరుస్తున్నయి సారూ" అనేది. "ఇంకొక్కటే అవ్వా" అనేవాణ్ణి. ఆ ఇంకొక్కటి ఎన్నడూ ఒక్కటి కాలేదు. ఛీ, ఆ వయసు మనిషిని!

ఒకసారి అట్లా కూర్చున్నప్పుడే తనంతట తాను చెప్పడం మొదలుపెట్టింది. "కర్ణాటకల కాలువ పని. తట్ట నెత్తిన వెట్టుకొని కట్ట ఎక్కుతున్న. సగం ఎక్కినంక నొప్పులొచ్చినయి సారూ. కింద చూస్తె మొగోళ్లు, మీద చూస్తె మేస్త్రీ..."

"మాట్లాడకవ్వా, కదిలితే మసక వస్తది" అన్నాను.

అవ్వ నోరు మూసుకుంది. మళ్లీ ఆ ముచ్చట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని అవ్వ ఫోటోలు ఒక్కొక్కటే తెరిచాను. దగ్గరి లెన్సుతో తీసినవి బోలెడు. మోచేతి మీది పచ్చబొట్టు, పగిలిన బొటనవేలు, ముక్కుపుడక తీసేసిన రంధ్రం, ఒక కనురెప్ప. అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయో! అవ్వే లేదు. ముఖం పూర్తిగా ఉన్నవాటిలో కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఫ్లాషు దెబ్బకు అలవాటుపడి, నేను మీట నొక్కక ముందే కళ్లు మూసుకోవడం నేర్చుకున్నది పాపం. కళ్లు తెరిచి ఉన్నది ఒకటి దొరికిందని సంబరపడ్డాను. పెద్దది చేసి చూస్తే, వెనక గోడ మీది పెచ్చులు లెక్కపెట్టేంత బాగా వచ్చాయి, ముఖం మసక. పైగా నోరు సగం తెరిచి ఉంది. నేను ఆపేసిన నోరు.

నా భార్య ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డదో. చాలాసేపు చూసి, "గిన్నిట్ల అవ్వ యాడున్నది?" అన్నది.

ముఖం ఒక ఫోటో నుంచి, కళ్లు ఒక ఫోటో నుంచి తీసి అతికిద్దామా అని కూడా చూశాను. అది అవ్వ కాదు, ఎవరో ఆమె చుట్టంలా వచ్చింది. ఆ వందల్లో ఒక ఫోటో మాత్రం నేను తీసింది కాదు. దాని సంగతి చివర చెబుతాను.

ఇక వాళ్లింటికి పోక తప్పలేదు. అవ్వ కొడుకు నన్ను చూసి ఎదురొచ్చాడు. "దొరికిందా సారూ?"

"లేదు తమ్మీ. ఒక్కటి గూడ మంచిగ లేదు. అన్నీ టెస్టు ఫోటోలే. నాదే తప్పు."

కోపం చేస్తాడనుకున్నాను. చేసినా బాగుండు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "అయితేమాయె సారూ. ఆధార్ కార్డుది ఉన్నది, దాన్నే పెద్దగ చేపిస్త" అని నా భుజం తట్టాడు. తల్లి పోయిన మనిషి నన్ను ఓదార్చాడు. గుమ్మంలో నిలబడ్డ కోడలు మాత్రం నెమ్మదిగా అన్నది, "మా ఆడిబిడ్డ పోయిన క్రిస్మస్‌కు కొన్నది సారూ ఆ గద్వాల చీర. కట్టుకోమంటె కట్టకపాయె. సారు అసలు ఫోటో తీస్తనన్నడు, అప్పుడు కట్టుకుంట అనేది. మడత ఇయ్యాల్నే ఇప్పినం."

ఆమె నన్ను దెప్పడానికి అనలేదు, ఆ గొంతులో అది లేదు. నేను తల వంచుకుని ఇంటికి వచ్చేశాను.

కూడిక నాటికి ఫ్రేము వచ్చింది. ఆధార్ ఫోటోలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. అవ్వ ఏదో నేరం మీద పట్టుబడినట్టు బెదిరి చూస్తున్నది. పెద్దది చేయడంతో ముఖమంతా చుక్కలు చుక్కలు. దాని చుట్టూ బంతిపూల దండ. ఆ ఫ్రేము ముందు నేను, గల్లీ మొత్తంలో కెమెరా సారును! పాస్టరుగారు ప్రార్థన చేశాక ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. పుణె నుంచి వచ్చిన కూతురు లేచింది.

"మా అమ్మ నన్ను కాలువ కట్ట మీద కన్నదంట. బొడ్డు కోసి, గడియసేపు పండుకొని, మళ్ల తట్టెత్తిందంట. గసొంటి మనిషికి బతుకుల ఎవరు గూడ కూసో అనలే. గీ సారు కుర్చీ ఏసి కూసోవెట్టి ఫోటోలు తీసిండు. ఫోన్ చేసినప్పుడల్ల గదే చెప్పేది, సారు నన్ను ఫోటో తీస్తడు బిడ్డా అని."

అందరూ నా వైపు తిరిగి చూశారు. మెచ్చుకుంటూ చూశారు. నేల చీలితే బాగుండు అనిపించడం అంటే ఏమిటో నాకు ఆనాడు తెలిసింది. ఆ కట్ట మీది కథ అవ్వ నోటి నుంచే వినాల్సినవాణ్ణి. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను గానీ, "అవ్వ చాలా ఓపిక గల మనిషి" అని కూర్చున్నాను.

అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు, సార్, ఇలాంటి కెమెరాకు ఏమేం కొనమంటారు అని. ఇప్పుడైతే చెప్పగలను. బిగించుకునే గొట్టం, పువ్వులకూ పురుగులకూ ఒక దగ్గరి లెన్సు, ఫ్లాషు వెలుగును మెత్తబరిచే తెల్ల తొడుగు. చాలు. అవి కూడా రాకముందే, ఇంట్లో వాళ్లను, పక్కింటి వాళ్లను ఒకసారి మంచి చీర కట్టుకోనిచ్చి, కొంగు సర్దుకోనిచ్చి, కళ్లు తెరిచి ఉండగా తీసి పెట్టుకోండి. నా అంత బుద్ధిహీనుడి మాట వినాలా అంటే, అందుకే వినండి.

ఇక ఆ ఒక్క ఫోటో. ఫ్లాషుకు తెల్ల తొడుగు వచ్చిన రోజు పొద్దున, నేను అరుగు మీద కూర్చుని దాన్ని తగిలించలేక తంటాలు పడుతున్నాను. అన్ని సామాన్లూ విప్పేసిన ఉత్త కెమెరా కుర్చీలో ఉంది. అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"నేనొకటి కొడత సారూ. గిదే గద ఒత్తేది?"

"ఆ, ఒత్తు" అన్నాను.

"వచ్చినవు సారూ! మస్తుగొచ్చినవు. చూడు."

"చూస్తలే అవ్వా."

చూడలేదు. ఆ ఆదివారమే చూశాను. గొప్ప ఫోటో ఏమీ కాదు, కొంచెం వంకర. కానీ నేను మొత్తం ఉన్నాను, నెరుస్తున్న తల, ముడిపడ్డ నొసలు, చేతిలో ఆ తెల్ల ప్లాస్టిక్ ముక్క. ఎండ అవ్వ వెనక నుంచి వస్తున్నది. వాకిట్లో ఆమె నీడ పొడుగ్గా పడింది. తల మీదికి లాక్కున్న కొంగు, కెమెరా ఎత్తి పట్టుకున్న రెండు మోచేతులు, అంతా తెలుస్తున్నది. ఆ నీడ నా పాదాల దాకా వచ్చింది. నేను తల ఎత్తలేదు.